దూరం కూడా అద్దే



ధ్యాన భాగం: లేవీయకాండము 25:29-34

ఆరోగ్యం తర్వాత నా దగ్గరకు ఎక్కువగా వచ్చే ప్రార్థన విన్నపం సొంత ఇల్లు. "అయ్యగారూ, విశాఖపట్నంలోనే అక్కర్లేదు, బండి మీద వెళ్లి వచ్చేంత దూరంలో మాకంటూ ఒక ఇల్లు ఉంటే చాలు, ప్రార్థన చేయండి" అంటారు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసే తమ్ముళ్లు అడుగుతారు. పరవాడ ఫార్మా సిటీకి, అచ్యుతాపురం కంపెనీలకు కంపెనీ బస్సుల్లో వెళ్లే చెల్లెళ్లు అడుగుతారు. గాజువాక షాపుల్లో నిలబడి పని చేసేవాళ్లు, మధురవాడ అపార్టుమెంట్లలో వాచ్‌మన్ పని చేసేవాళ్లు అడుగుతారు. నేను ప్రార్థన చేస్తాను. అది తగని కోరిక కాదు. తన ప్రజలు ఇళ్లు కట్టుకుని వాటిలో తామే కాపురం ఉంటారని, ఒకరు కట్టుకున్న ఇంట్లో వేరొకరు ఉండే రోజులు పోతాయని యెషయా గ్రంథం 65వ అధ్యాయంలో దేవుడే మాట ఇచ్చాడు.

ఆ మాటలో రెండు సంగతులున్నాయి. ఇల్లు కట్టుకోవడం ఒకటి, అందులో ఉండడం ఇంకొకటి. మనం మొదటిదాని కోసం ఉపవాసం ఉండి మరీ ప్రార్థిస్తాం, రెండోదాన్ని మరిచిపోతాం. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఇంతే: ఇంటి ఖరీదును రూపాయల్లోనే కాదు, గంటల్లో కూడా లెక్క వేయండి. చౌకగా దొరికిన దూరపు ఇల్లు, తగ్గించిన సొమ్మును రోజూ రోడ్డు మీద మన దగ్గర వసూలు చేసుకుంటుంది. అద్దె ఇల్లు వదిలి వచ్చాం కదా అనుకుంటాం. దూరం కూడా అద్దే.

ముందు రూపాయల లెక్క

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోవద్దా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువు అడిగాడు. కాబట్టి మనమూ కూర్చుని చూద్దాం.

సిటీ లోపల 40 లక్షల ఫ్లాట్ అనుకుందాం. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అప్పు 30 లక్షల లోపైతే ఇంటి విలువలో 90 శాతం వరకు బ్యాంకు ఇవ్వవచ్చు. అప్పు 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే 80 శాతమే. అంటే మన ఫ్లాటుకు 32 లక్షలు వస్తుంది, 8 లక్షలు మన చేతి నుండి పెట్టాలి. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపితే ఏడున్నర శాతం. పూర్తి విలువకు రిజిస్టర్ చేయిస్తే అది 3 లక్షలు. దాన్ని బ్యాంకు అప్పులో కలపదు. ఇంట్లో ఒక్క ఫ్యాను బిగించకముందే 11 లక్షల రొక్కం కావాలి.

ఇక అప్పు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లు అనుకుంటే 32 లక్షలకు నెల వాయిదా దాదాపు 27,770 రూపాయలు. ఇరవై ఏళ్లలో మనం కట్టేది 66 లక్షలు దాటుతుంది. భర్త కాంట్రాక్టు పనిలో 18 వేలు, భార్య షాపులో 10 వేలు తెచ్చే ఇల్లు మన సంఘంలో సామాన్యమైన ఇల్లు. ఇద్దరిదీ కలిపితే 28 వేలు. వాయిదా కట్టాక మిగిలేది 230 రూపాయలు. అందులో నెలంతా ఐదుగురు తినాలి, పిల్లల ఫీజులు కట్టాలి, అమ్మకు బీపీ మాత్రలు కొనాలి. అందుకే ఏ బ్యాంకు మేనేజరూ ఈ కుటుంబానికి ఆ అప్పు ఇవ్వడు. ఇవ్వకపోవడం ఒక రకంగా మేలే.

అప్పుడు ఆ కుటుంబం ఏం చేస్తుంది? బయటకు చూస్తుంది. పెందుర్తి, కొత్తవలస, సబ్బవరం, అనకాపల్లి, ఆనందపురం, తగరపువలస. గజం రేటు తగ్గే దాకా రోడ్డు వెంట వెళుతూనే ఉంటుంది. ఎక్కడ మన డబ్బు సరిపోతుందో అక్కడ ఆగుతుంది. "సిటీకి అరగంటే" అని బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ అరగంట ఆదివారం తెల్లవారుజామున, ఖాళీ రోడ్డు మీద, కారులో.

ఇప్పుడు గంటల లెక్క

ఇంటికీ పనికీ ముప్పై కిలోమీటర్లు అనుకుందాం. బస్సు కోసం నిలబడింది, దిగి షేర్ ఆటో పట్టుకుంది, గాజువాక దగ్గర ఆగిపోయింది అన్నీ కలుపుకుంటే వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. రోజుకు మూడు గంటలు. నెలకు 25 రోజులు పని అయితే 75 గంటలు. ఏడాదికి 900 గంటలు. ఇరవై ఏళ్ల అప్పు తీరేసరికి 18,000 గంటలు. దాన్ని 24తో భాగించండి. 750 రోజులు. అంటే ఆ ఇంటి కోసం ఆ తండ్రి రెండేళ్లకు పైగా రాత్రీ పగలూ రోడ్డు మీదే ఉన్నట్టు లెక్క.

బండి మీద వెళితే గంటలు కొంత తగ్గుతాయి, ఖర్చు పెరుగుతుంది. రోజుకు 60 కిలోమీటర్లు, లీటరుకు 50 మైలేజి అనుకుంటే నెలకు 30 లీటర్లు. లీటరు నూరు రూపాయలు దాటిన రోజుల్లో అది మూడు వేలకు పైమాటే. టైర్లు, సర్వీసింగు వేరే. సీ షిఫ్టు దిగి నిద్ర కళ్లతో లంకెలపాలెం, కూర్మన్నపాలెం లారీల మధ్య నడిపే బండికి కట్టాల్సిన వెల గురించి నేను ఇక్కడ రాయను. మన సంఘంలో తెల్లవారుజామున ఫోన్ మోగితే గుండె జారిపోయే తల్లులకు అది తెలుసు.

2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి పథకం వల్ల ఆడవాళ్లకు పల్లెవెలుగు, సిటీ బస్సుల్లో టికెట్ లేదు. అది నిజమైన సాయం. మన చెల్లెళ్లకు నెలకు వచ్చే మిగులు నాకు తెలుసు. కానీ టికెట్ ఉచితమైనంత మాత్రాన ప్రయాణం ఉచితం కాదు. గంటలు మాత్రం కట్టాల్సిందే.

ద్వితీయోపదేశకాండము 20:5 మనం పెద్దగా ప్రసంగించని వచనం. యుద్ధానికి బయలుదేరుతున్న సైన్యం ముందు నాయకులు నిలబడి, కొత్త ఇల్లు కట్టుకుని ఇంకా అందులో ప్రవేశించనివాడు ఎవడైనా ఉంటే ఇంటికి తిరిగి వెళ్లమని చెప్పాలట. యుద్ధమంటే దేశానికి ప్రాణం మీదకు వచ్చిన సంగతి. అలాంటప్పుడు కూడా, కట్టుకున్న ఇంట్లో మనిషి ఉండడం ముఖ్యమని దేవుడు చూశాడు. మనలో ఎంతమంది ఇల్లు కట్టుకుని గృహప్రవేశ ప్రార్థన చేయించుకుని, మరునాటి నుండి అందులో నిద్రపోవడానికి మాత్రమే వస్తున్నారు? పిల్లలు లేవకముందు వెళ్లి, పిల్లలు పడుకున్నాక వచ్చే తండ్రి ఉన్న ఇంట్లో కుటుంబ ప్రార్థన ఎప్పుడు జరగాలి?

క్వార్టర్ల కాలం

ఇది ఎప్పుడూ ఇలాగే ఉండేదా? లేదు. విశాఖపట్నంలో పేటల పేర్లే సాక్ష్యం చెబుతాయి.

1933లో పోర్టు మొదలైంది. 1941లో వాల్‌చంద్ హీరాచంద్‌ గారి సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకు పునాది వేసింది. కంపెనీ పేరు పోయి హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయినా, అక్కడి జంక్షన్‌ను జనం ఇప్పటికీ సింధియా అనే అంటారు. పక్కనే షిప్‌యార్డ్ కాలనీ. పోర్టు వాళ్లకు సాలగ్రామపురం క్వార్టర్లు. రైల్వే వాళ్లకు రైల్వే క్వార్టర్లు. బీహెచ్‌పీవీకి దాని టౌన్‌షిప్. స్టీలు ప్లాంటుకు ఉక్కునగరం. పని పెట్టినవాడే పని పక్కన ఇల్లు కూడా పెట్టాడు. సైకిలు మీద పది నిమిషాల్లో డ్యూటీకి వెళ్లి, మధ్యాహ్నం రెండుకు ఏ షిఫ్టు దిగి, పిల్లలు బడి నుండి వచ్చేసరికి ఇంట్లో ఉన్న తండ్రులు అక్కడ వేలల్లో ఉండేవారు. వాళ్ల పిల్లలు చదువుకుని పైకి వచ్చారంటే అందులో జీతం పాత్ర ఎంతుందో, ఆ పది నిమిషాల దూరం పాత్రా అంతే ఉంది.

ఆ వెలుగుకు ఒక నీడ కూడా ఉంది, దాన్ని మరవకూడదు. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన స్టీలు ప్లాంటు కోసం అరవైకి పైగా గ్రామాల వాళ్లు ఇళ్లూ పొలాలూ ఇచ్చారు. నిర్వాసితులని పేరు పెట్టి ఆర్ కార్డులు ఇచ్చారు. ఉద్యోగం వచ్చినవాళ్లకు వచ్చింది, రానివాళ్లు ఆ కార్డు పట్టుకుని ముసలివాళ్లయ్యారు. ఒకరి క్వార్టరు కింద ఇంకొకరి పెరడు ఉంది.

తర్వాత వచ్చిన మార్పు నెమ్మదిగా వచ్చింది కాబట్టి మనం గుర్తించలేదు. శాశ్వత ఉద్యోగాలు తగ్గాయి, కాంట్రాక్టు పనులు పెరిగాయి. కాంట్రాక్టరు మనిషికి క్వార్టరు ఉండదు. ఫార్మా సిటీ వచ్చింది, సెజ్ వచ్చింది. బస్సులు పెట్టారు, కాలనీలు కట్టలేదు. ఒకప్పుడు ఇల్లు చూపించే బాధ్యత పని ఇచ్చినవాడిది. ఇప్పుడు అది పనివాడి మెడ మీద, ఇరవై ఏళ్ల అప్పు రూపంలో ఉంది. ఇది ఏ ఒక్క కుటుంబం తెలివితక్కువతనమూ కాదు, విశ్వాసం తక్కువా కాదు. "నీవు ఇంకా గట్టిగా ప్రార్థించలేదు, అందుకే ఇల్లు రాలేదు" అని ఎవరైనా మీతో అంటే ఆ మాట దేవుని దగ్గర నుండి వచ్చింది కాదని ధైర్యంగా చెప్పండి.

లేవీయకాండము ఏం చెబుతోంది

ఇప్పుడు మన ధ్యాన భాగానికి వద్దాం. ఇళ్ల అమ్మకాల గురించి ధర్మశాస్త్రం ఇక్కడ మూడు రకాలుగా మాట్లాడుతుంది. ప్రాకారం ఉన్న పట్టణంలో ఇల్లు అమ్ముకున్నవాడికి దాన్ని విడిపించుకోవడానికి ఒక్క ఏడాదే గడువు. గడువు దాటితే ఇల్లు కొన్నవాడిది, తరతరాలకూ వాడిదే. ప్రాకారం లేని పల్లెలో ఇల్లు అలా కాదు. దాన్ని పొలంతో సమానంగా చూడాలి. ఎప్పుడైనా విడిపించుకోవచ్చు, లేకపోతే సునాద సంవత్సరంలో అసలు కుటుంబానికి తిరిగి వచ్చేస్తుంది.

పట్నం ఇంటికి ఒక న్యాయం, పల్లె ఇంటికి ఒక న్యాయం ఎందుకు? పల్లె ఇల్లు పొలం పక్కన ఉంటుంది. ఆ ఇల్లు పోతే మనిషి తన పనికి దూరమైపోతాడు. పట్టణంలో వ్యాపారి తన ఇంటిని సరుకుగా అమ్ముకుంటే దేవుడు అడ్డు చెప్పలేదు. బతుకుదెరువు పక్కన ఉన్న ఇంటిని మాత్రం సంతకు వదిలేయలేదు.

నా మాట అనుమానమైతే 32 నుండి 34 వరకు చదవండి. లేవీయులకు పొలాల స్వాస్థ్యం లేదు. వాళ్ల పని, వాళ్ల బతుకు వాళ్లకు ఇచ్చిన పట్టణాల్లోనే. అందుకని వాళ్ల ఇళ్లకు పట్టణపు నియమం వర్తించదు. ఎప్పుడైనా విడిపించుకోవచ్చు, సునాద సంవత్సరంలో ఎలాగూ తిరిగి వస్తాయి. ఇల్లు ప్రాకారం లోపల ఉందా బయట ఉందా అనే దగ్గర దేవుడు ఆగిపోలేదు. ఆ మనిషి బతుకు ఎక్కడుంది అని చూశాడు.

మన కాంట్రాక్టు కార్మికుడికి పొలం లేదు. అతని పొలం స్టీలు ప్లాంటు గేటు లోపల ఉంది, పోర్టు బెర్తుల దగ్గర ఉంది, ఫార్మా కంపెనీ రియాక్టర్ పక్కన ఉంది. కాబట్టి పని దగ్గర ఇల్లు అతనికి సుఖం కోసం అడిగే వస్తువు కాదు. అది బతుకులో భాగం. ప్రభుత్వాలు ఎవరివైనా కానీ, ఈ కొలతతోనే చూడాలని నా అభిప్రాయం.

సెంటు స్థలం దగ్గర జరిగింది

2022 ఏప్రిల్ 28న మన సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో అప్పటి ముఖ్యమంత్రి గారు విశాఖ నగర పేదలకు ఇళ్ల పట్టాల పంపిణీ మొదలుపెట్టారు. లక్షా 20 వేలకు పైగా పట్టాలు, ఒక్కొక్కటి ఒక సెంటు. సెంటు అంటే 48 గజాల చిల్లర. ఆ స్థలాల కోసం 2020 జనవరిలోనే విశాఖ చుట్టుపక్కల ఆరు వేల ఎకరాలకు పైగా సమీకరించాలని ఉత్తర్వు వచ్చింది. డి పట్టా రైతుకు ఎకరానికి 900 గజాల అభివృద్ధి చేసిన స్థలం ఇస్తామన్నారు. మన వైపు ఆ డి పట్టాలు ఎవరివో మీకు తెలుసు. తాతల కాలంలో ప్రభుత్వం ఇచ్చిన మెట్టలో జీడిమొక్కలు వేసుకున్న మన బంధువులవే చాలా ఉన్నాయి.

ఆడవాళ్ల పేరున పట్టా ఇవ్వడం చాలా మంచి పని. తాగి వచ్చిన భర్త "నా ఇంట్లోంచి పో" అనలేని ఇల్లు ఒక్కటైనా ఉండడం ఎంత ధైర్యమో ఆ చెల్లెళ్లనే అడగండి. దాన్ని నేను తక్కువ చేయను. కానీ మల్కాపురంలోనో, కంచరపాలెంలోనో నాలుగిళ్లలో పాచిపని చేసుకునే ఆవిడకు ముప్పై కిలోమీటర్ల అవతల స్థలం ఇస్తే ఆవిడ అక్కడ ఇల్లు ఎలా కడుతుంది, కట్టినా ఉదయం ఆరుకు పాచిపనికి ఎలా వస్తుంది? మన వైపు లేఅవుట్లలో పునాదుల దగ్గరే ఆగిపోయినవి అందుకే కనిపిస్తాయి. తర్వాత వచ్చిన ప్రభుత్వం పట్టణాల్లో రెండు సెంట్లు, గ్రామాల్లో మూడు సెంట్లు అంది. సంతోషమే. అయితే రెండో సెంటు మొదటి సెంటు పక్కనే, అదే దూరంలో ఉంటే ఆవిడ కష్టం తీరదు. ఎన్ని సెంట్లు అనే ప్రశ్న కన్నా ఎన్ని కిలోమీటర్లు అనే ప్రశ్న పెద్దది.

భూమి లేదని మాత్రం చెప్పకూడదు. 2025 ఏప్రిల్‌లో రుషికొండ ఐటీ కొండ మీద టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసల నామమాత్రపు ధరకు ఇవ్వాలని మంత్రివర్గం నిర్ణయించింది. పన్నెండు వేల ఉద్యోగాలు వస్తాయన్నారు. మన పిల్లలకు ఉద్యోగాలు వస్తే నేను స్తోత్రం చెప్పేవాడినే. నా ప్రశ్న వేరు. ఆ పన్నెండు వేల మందికి టీ పోసేవాళ్లు, అద్దాలు తుడిచేవాళ్లు, రాత్రి కాపలా ఉండేవాళ్లు ఎక్కడ పడుకుంటారు? కంపెనీకి స్థలం చూపించిన రోజే వాళ్లకూ దగ్గర్లో ఒక గది చూపించాలని ఒప్పందంలో ఎందుకు రాయకూడదు? పాత రోజుల్లో షిప్‌యార్డు చేసిందీ, ఉక్కునగరం చేసిందీ అదే కదా.

దానికి అందరికీ సొంత ఇళ్లే కట్టించనక్కర్లేదు. ఆస్ట్రియా దేశంలోని వియన్నా నగరంలో దాదాపు సగం మంది నగరపాలక సంస్థ కట్టించినవో, ప్రభుత్వ సాయంతో కట్టినవో అయిన అద్దె ఇళ్లలోనే పరువుగా ఉంటున్నారు. మన దేశంలో కూడా కేంద్ర ప్రభుత్వం 2020 జులైలో, వలస కార్మికులు పడ్డ బాధ చూశాక, తక్కువ అద్దె ఇళ్ల సముదాయాల పథకాన్ని ఆమోదించింది. కాగితం మీద దారి ఉంది. గాజువాకలో, పరవాడలో, అచ్యుతాపురంలో అది గోడలుగా లేవాలి.

అద్దె ఇంట్లో అపొస్తలుడు

ఇక మన మాట మనం మాట్లాడుకుందాం. సంఘంలో సాక్ష్యాల సమయంలో సొంత ఇల్లు వచ్చినవాళ్లను ముందుకు పిలుస్తాం, చప్పట్లు కొడతాం. మంచిదే. కానీ అద్దె ఇంట్లో ఇరవై ఏళ్లుగా నమ్మకంగా ఉన్న కుటుంబాన్ని ఒక్కసారైనా ముందుకు పిలిచామా? పెళ్లి సంబంధం రాగానే "సొంత ఇల్లేనా?" అని అడిగేది ఎవరు? మనమే. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి తలకు మించిన అప్పు చేసినవాళ్లు మన మధ్య ఉన్నారు.

అపొస్తలుల కార్యముల గ్రంథం ఎక్కడ ముగుస్తుందో చూడండి. 28:30లో పౌలు రోమా పట్టణంలో రెండేళ్లు అద్దె ఇంట్లో ఉన్నాడు. తన దగ్గరకు వచ్చినవాళ్లందరినీ ఆ అద్దె ఇంట్లోనే చేర్చుకున్నాడు. లోకంలో అతి పెద్ద పట్టణంలో సువార్త నిలబడింది అద్దె ఇంటి గడప మీద. ఆశీర్వాదానికి రిజిస్ట్రేషన్ కాగితం అక్కర్లేదు.

అద్దె కూడా అందరికీ ఒకేలా దొరకదు, అదీ చెప్పాలి. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత అనే దాకా మాట బాగానే ఉంటుంది. తర్వాత "మీరు ఏమిట్లు?" అని అడుగుతారు. పేరు చివర బైబిలు పేరు వినగానే "ఇప్పుడే ఇచ్చేశామండీ" అంటారు. అలా నాలుగు వీధులు తిరిగి వచ్చి, దొరికిన చోటికి, అంటే మళ్లీ దూరానికి, వెళ్లిన పిల్లలు మన సంఘంలో ఉన్నారు. కులం కూడా కిలోమీటర్లను పెంచుతోంది. మరి పట్నంలో పై వాటాలు కట్టుకుని అద్దెకు ఇస్తున్న మన విశ్వాసులు ఉన్నారు కదా, వాళ్లయినా ఆ ప్రశ్న అడగడం లేదా? అడుగుతున్నవాళ్లు ఈ ఆదివారం బల్ల దగ్గరకు వచ్చే ముందు ఆలోచించండి.

"అయ్యగారూ, అద్దె కట్టిన డబ్బు గాలికి పోయినట్టే కదా, ముసలితనంలో ఏం చేస్తాం?" అని అడిగేవాళ్లకు నా జవాబు. మీ భయం న్యాయమైనదే. సంపాదన ఆగిన రోజున తల మీద కప్పు ఉండాలి. అందుకే సొంత ఇల్లు వద్దని నేను చెప్పడం లేదు. ఊళ్లో తాతల స్థలం ఉంటే దాన్ని అమ్మకండి, చిన్నగా కట్టుకోండి, ముసలితనానికి అది ఉంటుంది. పిల్లలు చిన్నగా ఉన్న పదిహేనేళ్లు మాత్రం పని దగ్గర రెండు గదుల్లో అద్దెకు ఉన్నా నష్టం లేదు. ఇల్లు ఆలస్యంగా కట్టుకోవచ్చు. పిల్లల చిన్నతనం ఆలస్యంగా రాదు.

చేయగలిగినవి

1. అడ్వాన్సు ఇవ్వకముందు, మామూలు పని రోజున, మీ షిఫ్టు టైముకు ఆ స్థలం నుండి పనికి వెళ్లి తిరిగి రండి. ఒకసారి కాదు, మూడు రోజులు. భార్యను కూడా తీసుకెళ్లండి. ఆ తర్వాతే రేటు మాట్లాడండి.

2. నెల వాయిదాకు పెట్రోలు, బస్సు, ఆటో ఖర్చు కలిపి చూడండి. దగ్గరున్న చిన్న ఇల్లు, దూరమున్న పెద్ద ఇల్లు రెండూ ఒకే లెక్కకు వస్తే దగ్గరదే ఎంచుకోండి.

3. కాగితాలు చూపించకుండా కొనకండి. "పంచాయతీ అప్రూవ్డ్" అన్న ముద్ర చాలదు. వీఎంఆర్‌డీఏ లేఅవుట్ నంబరు ఉందా, 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుకు రెరా నంబరు ఉందా అడగండి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు తీయించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి. డి పట్టా భూమి అయితే 1977 చట్టం ఉంది, చౌకగా వస్తోందని చేయి చాపకండి. సింహాచలం పంచగ్రామాల్లో ఇల్లు ఉన్నా హక్కు తేలక ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న కుటుంబాలను చూస్తున్నాం. విశాఖ భూముల అక్రమాల మీద 2017లో ఒకసారి, 2019లో ఒకసారి ప్రత్యేక దర్యాప్తు బృందాలు వేయాల్సి వచ్చిందంటే ఊరికే కాదు. బ్యాంకు అప్పు ఇవ్వనన్న స్థలాన్ని మీ పుస్తెలు పెట్టి కొనకండి.

4. భూమి ఉన్న మన ఊరివాళ్లకు ఒక మాట. 2025 అక్టోబరులో గూగుల్ డేటా సెంటర్ ఒప్పందం జరిగాక ఆనందపురం తర్లువాడ పేరు లోకమంతా విన్నది. భోగాపురం విమానాశ్రయం ఎలాగూ ఉంది. బ్రోకర్లు మన గుమ్మాల్లోకి వస్తున్నారు. అమ్మాల్సి వస్తే అమ్మండి, కానీ మొత్తం అమ్మకండి. పిల్లలకు ఇంటి స్థలం మిగుల్చుకోండి. ఇవాళ ఎకరం అమ్మినవాడు రేపు అదే చోట సెంటు కొనలేడు. ఉన్న ఇంటికి ఇల్లు, పొలానికి పొలం చేర్చుకుంటూ పోయేవారి గురించి యెషయా 5:8లో ఉన్న హెచ్చరిక, ఉండడానికి కాకుండా రేటు పెరగడానికి నాలుగైదు ప్లాట్లు పట్టుకుని కూర్చున్న మనవాళ్లకు కూడా వర్తిస్తుంది.

5. పట్నంలో గది ఉన్న విశ్వాసులు కులం అడగకుండా, తగిన అద్దెకు, పని కోసం వచ్చిన కుటుంబానికి ఇవ్వండి. గాజువాక, కూర్మన్నపాలెం, పెందుర్తి వైపు ఖాళీ గది ఉంటే సంఘ పెద్దలకు చెప్పండి. ఆ వివరాలు ఆదివారం ప్రకటనల్లో చదువుదాం.

6. షిఫ్టుల వాళ్ల కోసం కుటుంబ ప్రార్థన టైము మార్చుకోండి. రాత్రి ఎనిమిదికే జరగాలని దేవుడు రాయలేదు. తండ్రి ఇంట్లో ఉన్న టైమే ప్రార్థన టైము. అది తెల్లవారి ఐదు కావచ్చు, సీ షిఫ్టు దిగిన ఉదయం కావచ్చు.

ప్రార్థన

పరలోకమందున్న మా తండ్రీ, తల వాల్చుకోవడానికి చోటు లేకుండా తిరిగిన మీ కుమారుని ద్వారా మీ సన్నిధికి వస్తున్నాము. ఇల్లు లేని మా బిడ్డలకు ఇల్లు దయచేయండి. ఇల్లు ఉన్నవారిని ఆ ఇంట్లో ఉండనివ్వండి. ఈ రాత్రి సీ షిఫ్టుకు వెళ్లినవారిని, తెల్లవారి రోడ్డు మీద బండి నడిపేవారిని మీ రెక్కల కింద దాచండి. అద్దె గదుల్లో ఉన్న కుటుంబాలకు పరువు, సమాధానం ఇవ్వండి. మా మీద పాలకులుగా ఉన్నవారికి పేదవాని దూరం కనబడేలా కళ్లు తెరవండి. మా గుమ్మాలు కులం అడగని గుమ్మాలుగా చేయండి. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

ఇంటి స్థలం కాగితాలు చూపించుకోవాలనుకున్నవాళ్లు శనివారం సాయంత్రం మందిరానికి తీసుకురండి. రిజిస్ట్రేషన్ల పని తెలిసిన పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు, కూర్చుని చూద్దాం. కొన్న తర్వాత కాదు, కొనకముందు రండి.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు